బొంత ఎడమ తొడ కొలత

ఆ బజారులో మగవాళ్ల ప్యాంట్లు కుట్టే ఆడమనిషి ఒక్కతే. ఎదుట ఉన్నప్పుడు అందరూ ఆమెని టేపక్క అంటారు, వెనక్కి తిరిగాక మొండక్క అంటారు. రెండో పేరు ఆమెకి తెలియదని బజారు నమ్మకం. ఆమెకి తెలుసు. పైగా మొదటిదానికన్నా రెండోదే తనకి కొలత తీసి కుట్టినట్టు సరిపోయిందని లోపల్లోపల ముచ్చటపడుతుంది కూడా.

పదకొండు షాపుల వరుసలో చివరిది ఆమెది. మధ్యలో నడుమెత్తు కటింగ్ బల్ల, గోడవారగా కుట్టుమిషను, పైన హేంగర్లకి వేలాడే ప్యాంట్లు. బల్ల మీద ఒక మూల కాలిన మచ్చ ఉంది. ఇస్త్రీపెట్టె ఆపడం మరిచిపోయి ఫోన్లో కరెంటాఫీసు వాళ్లతో పోట్లాడిన రోజుది అది. ఆ పోట్లాటలో తనే గెలిచింది కాబట్టి, ఆ మచ్చ ఎవరైనా చూపించినా ఆమెకి సిగ్గేమీ లేదు. బల్ల కింద కత్తిరింపు ముక్కల సంచీ ఉంటుంది, దాని పక్కన బొంత ఉంటుంది.

బొంత అంటే కప్పుకునేది కాదు, కుక్క. ఒంటి మీద ఒక చోట నలుపు, ఒక చోట గోధుమరంగు, మెడ కింద తెలుపు. ఒక చెవి నిక్కపొడుచుకుని ఉంటుంది, రెండోది సగానికి వచ్చి మనసు మార్చుకున్నట్టు వాలిపోయి ఉంటుంది. తల్లి షాపుల వెనక కాలవ గట్టున తిరిగే బక్కప్రాణి. తండ్రి ఎవరన్నది ఎవరూ చూడలేదు గనక బజారులో ప్రతివాడికీ తెలుసు. గోదాము కాపలాకి కట్టేసి ఉంచే పెద్ద కుక్కేనని ఒకడు, కాదు, బంగళా వాళ్ల జూలు కుక్కేనని ఇంకొకడు. టేపక్క మాత్రం ఆ చర్చలోకి దిగలేదు. వానలో తడిసి వణుకుతున్న పిల్లని తెచ్చి, పాత కోటు లైనింగులో చుట్టి, బల్ల కింద పెట్టింది. అంతే.

పుట్టుక గురించి జరిగే చర్చలంటే ఆమెకి చిన్నప్పటినుంచే కంపరం. వాళ్ల అమ్మ ఒక రకం మనుషుల పిల్ల, నాన్న ఇంకో రకం మనుషుల బిడ్డ. ఇద్దరూ ఎవరి మాటా వినకుండా ఒక్కటయ్యారు. దాంతో రెండువైపుల చుట్టాలూ ఆమె ముఖం చూసినప్పుడల్లా ఇది ఎవరి పోలికో, ఏ రక్తం ఎప్పుడు పైకొస్తుందో అని లెక్కలేసేవాళ్లు. కోపమొస్తే అటువాళ్ల బుద్ధి అని ఇటువాళ్లు, ఇటువాళ్ల బుద్ధి అని అటువాళ్లు. ఆ కోపం తన సొంతమని ఒక్కళ్లూ ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఆమెకి మండేది అక్కడే.

కోట్లు కుట్టే నాన్న పోయాక ఆయన మిషను ముందు కూర్చుంటే బజారంతా ముక్కున వేలేసుకుంది. ఆడది మగాడి తొడ కొలవడమేమిటన్నారు. టేపుకి ఆడా మగా తెలియదని, అంత సిగ్గయితే ప్యాంటు లేకుండా తిరగమని చెప్పింది. మొదటి ఏడు ముసలాళ్లే వచ్చారు. మరుసటేడు వాళ్ల కొడుకులు వచ్చారు. ఆమె కుట్టిన ప్యాంటు కూర్చుంటే బిగియదు, నిలబడితే జారదు. నాన్న నేర్పిన పద్ధతిలో ఒక్క అక్షరం తప్పదు: నడుము, సీటు, పొడవు, కుడి తొడ, కుడి మోకాలు. కుడికాలు సరిగ్గా కొలిస్తే ఎడమకాలు దానంతటదే వస్తుందని, రెండూ కొలిచేవాడికి తన చెయ్యి మీద తనకే నమ్మకం లేదని నాన్న అనేవాడు. ఆ ఊళ్లో దర్జీలందరిదీ అదే పద్ధతి.

బొంతకి కూడా కొలతల పుస్తకంలో ఒక పేజీ ఉంది. పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ మొదటి టీకా వేసిన రోజు, బరువు మీద ఒక కన్నేసి ఉంచమంది. షాపులో తూకం యంత్రం లేదు, టేపుంది. నెలకో సోమవారం బొంతని నిలబెట్టి మెడ, ఛాతీ, నడుము, కుడి తొడ కొలిచి రాసేది. నాలుగేళ్లుగా ఒక్క సోమవారం తప్పలేదు. టీకాలు ఏటా వేయించేది, చెవులు గుడ్డతో తుడిచేది, గోమార్లు పట్టుకారుతో ఏరేది. అన్నం, ఉడికించిన గుడ్డు, గుమ్మడికాయ ముక్కలు తన చేత్తోనే కలిపి పెట్టేది. ఈ మధ్య కుడి తొడ అర అంగుళం పెరిగిందని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంది. పహిల్వాను తొడ అంది.

బొంతది నెమ్మదైన స్వభావం. గొడుగు తెరిస్తే తప్ప మొరగదు. మిషను ఆడుతుంటే పెడలు పక్కన గడ్డం ఆన్చి నిద్రపోతుంది. ప్యాంటు బిగుతుగా ఉందని గొడవకొచ్చినవాడి బూట్లు మాత్రం శ్రద్ధగా వాసన చూస్తుంది, అది టేపక్కకి ఎంతో నచ్చేది. ఏడాదిగా ఒకటి రెండు కొత్త అలవాట్లు వచ్చాయి. స్టూలు మీదికి ఎగరడం మానేసింది, బుద్ధొచ్చిందనుకుంది. కూర్చున్నప్పుడు ఒక పక్కకి ఒరిగి కాళ్లు చాపుకుంటుంది, ఒద్దికనుకుంది. పరిగెత్తితే వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతుతుంది, సంతోషమనుకుంది.

ఇలా ఉండగా ఒక మంగళవారం పొద్దున్న షాపుల సంఘం ప్రెసిడెంటు ఆల్టరేషను ప్యాంటు కోసం వచ్చాడు. ఆయనది కళ్లజోళ్ల షాపు. చెడ్డవాడేం కాదు, బొంతకి బిస్కెట్లు వేసే నలుగురిలో ఆయనొకడు. టేపక్క అటు తిరిగి ఇస్త్రీ చేస్తోంది. బల్ల కింద కుడివైపుకి పడుకుని ఉన్న బొంతని చూసి, ముద్దుగా ఏమే అంటూ వంగి దాని తుంటి మీద రెండు దెబ్బలు చరిచాడు. బొంత మెలితిరిగి ఆయన చెయ్యి పళ్లతో పట్టుకుంది. మరుక్షణం వదిలేసింది, కానీ వేళ్ల మీద తోలు లేచిపోయి నెత్తురొచ్చింది.

టేపక్క వెంటనే ఆయన చెయ్యి సబ్బుతో పావుగంట కడిగించింది, టీకా కాగితం చూపించింది, ఆసుపత్రికి పంపించి ఇంజెక్షను వేయించింది. అంతవరకూ ఆమె తప్పేమీ చెయ్యలేదు. ఆయన తిరిగొచ్చాక మాత్రం, నిద్రపోతున్నదాన్ని ఎవరు కొట్టమన్నారని అడిగింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆమె నోరు ఆ ఊరిది కాదు.

సాయంత్రానికల్లా ఆమె షట్టరు పక్కన ఒక పెద్ద చార్టు కాగితం వెలిసింది. జిరాక్సు షాపతను ఎర్ర స్కెచ్ పెన్నుతో బారెడు అక్షరాలు రాశాడు: దుష్టస్వభావం గల సంకరజాతి కుక్కను ఆదివారం లోపు తొలగించవలెను, లేనిచో మునిసిపాలిటీ బండికి అప్పగించబడును. కింద టేపక్క సంతకానికి ఒక గీత కూడా గీశాడు. ఆ బండి ఎక్కిన కుక్క ఏదీ ఆ బజారుకి తిరిగి రాలేదు, ఆ సంగతి అందరికీ తెలుసు.

సంకరజాతి కుక్కలింతేనని, మంచి రక్తం నాలుగేళ్లు పనిచేస్తే చెడ్డ రక్తం అయిదో ఏట పైకొస్తుందని జిరాక్సతను పదిమందిలో వివరించాడు. ఆ మాట ఆమె ఇంతకు ముందు విన్నదే. అప్పుడు మాట్లాడింది మేనత్త, వింటూ కూర్చున్నది తను. ఆమె కాగితాన్ని నాలుగు మూలలా గోరుతో లేపి, చిరగకుండా ఊడదీసి, మడిచి బల్ల సొరుగులో పెట్టింది. మంచి మందం కాగితం, పారేయడానికి మనసొప్పలేదు. బండి వస్తే తనని కూడా ఎక్కించుకుని పోవాల్సి ఉంటుందని, డ్రైవరుకి ముందే చెప్పి పెట్టుకోమని అంది.

అంత ధీమాగా అన్నదా, బొంతని తీసుకుని ఇంటికెళ్లాక అన్నం సహించలేదు. ఎందుకంటే బొంత కరిచిన మాట నిజం. ఎందుకు కరిచిందో తనకి తెలియని మాట కూడా నిజం. మాట సాయానికి చెల్లెలికి ఫోన్ చేస్తే, ఎవరికైనా తోటవాళ్లకి ఇచ్చెయ్యవే అక్కా, నీకెందుకీ తలనొప్పి అంది. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని పేరున్న మనిషి ఆ పూట మాత్రం ఏమీ అనకుండా ఫోన్ పెట్టేసింది. బొంత గుమ్మం దగ్గర ఒక పక్కకి ఒరిగి కూర్చుని ఆమెనే చూస్తోంది. ఒకవేళ వాళ్లన్నదే నిజమేమో అని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

శుక్రవారం మధ్యాహ్నం డ్రిల్లు మాస్టారు వచ్చాడు. రిటైరై అయిదేళ్లయినా ఆయనకి ఆ పేరే ఉండిపోయింది. వారం కిందట తీసుకెళ్లిన కొత్త ప్యాంటు సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఒక కాలు సరిపోయింది, ఒక కాలు జెండాలా ఎగురుతోందన్నాడు. టేపక్క అసలే చిరాకుగా ఉంది. తన టేపు ఇరవయ్యేళ్లలో అబద్ధమాడలేదని, పుస్తకం తీసి చూపించి, తొడ ఇరవై రెండు, ఇదిగో రాసి ఉందని వేలు పెట్టి పొడిచింది.

మాస్టారు పుస్తకం వంక చూడలేదు. "అమ్మా, ఏ కాలు ఇరవై రెండు?" అన్నాడు.

"కుడికాలు."

"మరి ఎడమది?"

ఆమె పుస్తకంలో ఎడమ తొడ గడి కోసం వెతికింది, లేదు. ఎడమది దానంతటదే వస్తుంది కదా. అయినా ఏదో ఒకటి తేల్చేద్దామని టేపు తీసి ఎడమ తొడకి చుట్టింది. పంతొమ్మిదిన్నర. టేపు జారిందేమోనని మళ్లీ చుట్టింది. పంతొమ్మిదిన్నరే.

మాస్టారు స్టూలు మీద కూర్చుని చెప్పాడు. రెండేళ్ల కిందట మెట్ల మీద పడి ఎడమ తుంటి విరిగింది. ఆపరేషనయ్యాక కూడా నొప్పికి భయపడి బరువంతా కుడికాలి మీదే వేసి నడిచాడు. వాడని కాలు కండ కరిగి సన్నబడింది, మోసిన కాలు లావెక్కింది. "ఆ రోజుల్లో ఎడమవైపు నుంచి ఎవరొచ్చినా మీద పడి కరిచేవాణ్ణమ్మా. మనవరాలు ఒళ్లోకి ఎక్కబోతే నెట్టేశాను. నా అంత మంచివాడికి ఇంత పాడుబుద్ధి ఎలా వచ్చిందని ఇంట్లోవాళ్లు ఏడ్చారు. బుద్ధి కాదు, తుంటి."

టేపక్క ప్యాంటు సంగతి మరిచిపోయింది. బల్ల కిందికి వంగి బొంతని పిలిచింది. అది లేవడానికి ముందు ముంగాళ్ల మీద బరువేసి, తరవాత వెనకభాగాన్ని ఈడ్చుకున్నట్టు లేపింది. రోజూ చూసేదే. ఈసారి చూడటం వేరుగా ఉంది. కుడి తొడకి టేపు చుట్టింది: పద్నాలుగు. ఎడమవైపు చెయ్యి పెట్టేసరికి బొంత ఒళ్లు బిగించి, పెదవి ఎత్తి, ఆమె మొహంలోకి చూసింది. గుర్రుమనలేదు. ఆమె ఈకంత తేలిగ్గా టేపు తిప్పింది. పన్నెండు.

పుస్తకం తీసింది. నాలుగేళ్ల సోమవారాలు, ప్రతి గడిలోనూ కుడి, కుడి, కుడి. పహిల్వాను తొడ అని పదిమందికీ చెప్పుకుంది, ఆ తొడ ఎవరి బరువు మోసి పెరిగిందో చూసుకోలేదు. తేలు కుట్టిన దొంగలా పుస్తకం ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుంది. కొలతే తన బతుకు. దాన్లోనే పొరపాటు చేసింది, అదీ తన మీద నోరెత్తి ఫిర్యాదు చెయ్యలేని ప్రాణి విషయంలో. మాస్టారు ప్యాంటు అక్కడే వదిలేసి, తొందరేం లేదని చెప్పి వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున్నే పశువుల ఆసుపత్రి. డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, ఫిల్ముని కిటికీ వెలుగుకి ఎత్తి చూపించింది. తుంటి ఎముక కూర్చునే గిన్నె లోతు తక్కువ. పుట్టుకతోనే అంత, ఎదిగిన కొద్దీ అరిగింది. ఎడమవైపు మరీ ఎక్కువ. పెద్ద ఒళ్లున్న కుక్కల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుందని, బొంతకి తండ్రి నుంచి వచ్చిందో తల్లి నుంచి వచ్చిందో తనకి తెలియదని, తెలిసినా మందు మారదని చెప్పింది. పూర్తిగా నయం కాదు. బరువు తగ్గించాలి, మెట్లూ గెంతులూ మానిపించాలి, రోజుకి మూడుసార్లు కొంచెంకొంచెం నడిపించాలి, జారని చాప వెయ్యాలి, రాసిచ్చిన నొప్పి మాత్రలు తప్ప మనుషుల మాత్రలు పొరపాటున కూడా వెయ్యకూడదు. కాలు వాడితే కండ మళ్లీ పడుతుంది.

"ఇది ఇన్నాళ్లు ఎలా ఓర్చుకుందో" అంది డాక్టరమ్మ. టేపక్క మొహం పక్కకి తిప్పుకుని ఏడ్చింది. తనకి జ్ఞానమొచ్చాక పరాయి మనుషుల ముందు ఏడవడం అదే మొదటిసారి.

ఆదివారం పదింటికి సంఘం సమావేశం. ఎప్పుడూ కళ్లజోళ్ల షాపు మీద గదిలో జరుగుతుంది. టేపక్క కింద నుంచే కబురు పంపించింది: బొంత మెట్లెక్కకూడదు, కాబట్టి మీరే దిగండి. పైన కాసేపు గొణుగుడు వినిపించింది. చివరికి తొమ్మిది మంది కుర్చీలు మోసుకుంటూ దిగారు. ఆమె షాపు ముందు అరుగు మీద కూర్చున్నారు.

బొంత చాప మీద నిలబడి ఉంది. టేపక్క ఏ ఉపన్యాసమూ మొదలుపెట్టలేదు. అందరూ చూస్తుండగా టేపు తీసి రెండు తొడలూ కొలిచింది. అంకెలు పైకి చదివింది. ఎక్స్‌రే ఫిల్ము ప్రెసిడెంటు చేతికిచ్చింది, కళ్లద్దాల మనిషికి వెలుగులో పట్టుకుని చూడటం ఒకరు నేర్పక్కర్లేదు. మాస్టారు కాలి సంగతి చెప్పింది. తరవాత ప్రెసిడెంటు కట్టు కట్టిన చెయ్యి వంక చూసింది.

"మీ చేతికి దెబ్బ తగిలినందుకు నాది తప్పు. నాలుగేళ్లుగా ఒక పక్కే కొలిచాను, అది నా తప్పు. ఎన్నిసార్లయినా ఒప్పుకుంటాను. బొంతది మాత్రం తప్పు కాదు. దానిది చెడ్డబుద్ధి అని రాసిన కాగితం మీద నేను చచ్చినా సంతకం పెట్టను."

జిరాక్సతను కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. అదంతా బాగానే ఉందిగానీ, ఇంకెవర్నీ కరవదని హామీ ఇస్తుందా అని అడిగాడు.

"ఇవ్వను" అంది టేపక్క. "నొప్పి మీద చెయ్యేస్తే నేనూ కరుస్తాను, నువ్వూ కరుస్తావు. ఎక్కడ చెయ్యి వెయ్యొచ్చో, ఎక్కడ కూడదో మాత్రం చెప్తాను. అది చాలు."

చెవి వెనక నుంచి నీలం సుద్దబిళ్ల తీసింది. బట్ట మీద గీసినట్టే, బొంత నడుము దగ్గర వీపుకి అడ్డంగా ఒక గీత గీసింది. నల్లబొచ్చు మీదా గోధుమరంగు బొచ్చు మీదా సుద్ద తేటగా కనిపించింది. గీతకి ఇవతల, తల వైపు, ఎవరైనా ముట్టుకోవచ్చు. గీతకి అవతల డాక్టరమ్మ, తను, అంతే. రోజూ పొద్దున్నే షట్టరు ఎత్తగానే ఈ గీత గీస్తానంది. చదువు రానివాడికి కూడా అర్థమవుతుందంది. ఆ మాట అంటూ జిరాక్సతని వైపు చూసిందని కొందరంటారు, లేదని ఆమె అంటుంది.

ప్రెసిడెంటు కుర్చీలోంచి లేచి, మోకాళ్లు పట్టుకుని మెల్లిగా కింద కూర్చున్నాడు. కట్టున్న చెయ్యే చాచాడు. బొంత కట్టుని వాసన చూసింది. ఆయన చెయ్యి గీతకి ఇవతల, మెడ మీద ఆగింది. బొంత ఆ చేతి కిందే చాప మీద పడుకుంది, ఎప్పటిలాగే కుడివైపుకి.

"ఆ రోజు నేను గట్టిగానే చరిచానమ్మా" అన్నాడాయన.

చేతులెత్తమంటే బొంత ఉండాలని నలుగురు ఎత్తారు, వద్దని నలుగురు ఎత్తారు. కింద కూర్చున్న ప్రెసిడెంటు లేవకుండానే అయిదో చెయ్యి ఎత్తాడు, కట్టున్నదే. వద్దన్న నలుగురిలో ఇద్దరు ఇప్పటికీ ఆ షాపు ముందు దూరంగా జరిగి పోతారు. పోనివ్వండి, నడక ఆరోగ్యానికి మంచిది.

సోమవారం టేపక్క కొలతల పుస్తకంలో ప్రతి పేజీకీ ఒక గీత గీసింది, కుడి ఒక గడి, ఎడమ ఒక గడి. ఖాతాదారులు నవ్వారు, రెండు కాళ్లూ కొలిచే దర్జీని ఎక్కడా చూడలేదన్నారు. ఇప్పుడు చూశారుగా అంది. మాస్టారు ప్యాంటు ఎడమకాలు విప్పి, లోపలికి పట్టి మళ్లీ కుట్టింది. తరవాత సొరుగులోంచి చార్టు కాగితం తీసింది. బొంతకి గుమ్మం దిగేటప్పుడు వెనకభాగాన్ని ఎత్తి పట్టుకోవడానికి ఒక పట్టీ కావాలి, దానికి కాగితం కటింగు కావాలి. ఎర్ర అక్షరాల మీదే కొలతలు గీసి కత్తెర ఆడించింది. దుష్టస్వభావం రెండు ముక్కలైంది. స్వభావం కడుపు కిందికొచ్చింది, దుష్ట సంచీలోకి పోయింది.

మూడు నెలలు తిరిగాయి. మాత్రలు సగానికి తగ్గాయి. బొంత నడుము రెండంగుళాలు తగ్గింది. ఎడమ తొడ పన్నెండున్నర. ఆ అర అంగుళం రాసిన పూట ఆమె టీ తాగడం కూడా మరిచిపోయి పుస్తకం వంకే చూస్తూ కూర్చుంది.

అప్పుడే జిరాక్సతను ప్యాంటు కొలత ఇవ్వడానికి వచ్చాడు. ఎంత కోపమున్నా బజారులో మంచి ప్యాంటు ఇంకెక్కడా దొరకదు మరి. గుమ్మంలోనే ఆగి, బల్ల కింద నీలం గీతతో నిద్రపోతున్న బొంతని చూసి, ఇంకా కరుస్తుందా అని అడిగాడు.

టేపక్క టేపు మెడలో వేసుకుని లేచింది. "గీత దాటి చూడు" అంది. "ముందు ఎడమకాలు ఇలా పెట్టు."